పిస్ట్ దాటి మంచులోకి: ఒంటిమీద ఏముండాలి, వీపున ఏముండాలి

కశ్మీరులోని గుల్మార్గ్‌లో గొండోలా, అంటే తీగల మీద నడిచే క్యాబిన్ల లిఫ్టు, రెండో దశ పైస్టేషన్ దగ్గర తలుపు తెరుచుకోగానే ముందుగా మొహానికి తగిలేది గాలి. కింద గ్రామం ఎత్తు 2,650 మీటర్లు. మధ్య స్టేషన్ కాంగ్డోరి మీదుగా పైకి చేరేసరికి సుమారు 3,950 మీటర్లు. సముద్రమట్టంలో దొరికే ఆక్సిజన్‌లో ఇక్కడ అరవై శాతానికి కాస్త పైన మాత్రమే అందుతుంది. అంత ఎత్తు కాలినడకన ఎక్కాలంటే రోజు గడిచిపోతుంది. క్యాబిన్‌లో అయితే, వరుసలో నిలబడిన సమయం పోను, అరగంట కూడా పట్టదు.

ఆ సుఖమే మనల్ని పొరపాటు పడేలా చేస్తుంది. కూర్చుని చేరుకున్న చోటు కాబట్టి అది కూడా రిసార్టులో భాగమే అనుకుంటాం. గొండోలా తీగల చుట్టూ కొంత మేర గస్తీ బృందం కనిపెట్టుకుని ఉంటుంది. హద్దు తాడు దాటి నాలుగు అడుగులు వేస్తే మాత్రం అది అచ్చమైన హిమాలయం. 2010 ఫిబ్రవరి 8న ఈ అఫర్వాట్ పర్వతం కిందనే ఉన్న ఖిలన్‌మార్గ్‌లో మంచు చరియ విరుచుకుపడి, హై ఆల్టిట్యూడ్ వార్‌ఫేర్ స్కూల్‌లో శిక్షణ పొందుతున్న సైనికులు 17 మంది చనిపోయారు. 2023 ఫిబ్రవరి 1న అఫర్వాట్ వాలుల్లో ఇద్దరు పోలండ్ స్కీయర్లు ప్రాణాలు కోల్పోయారు.

ఏటా డిసెంబరు వచ్చేసరికి హైదరాబాదు నుంచి కొందరు, సియాటిల్, డెన్వర్, మ్యూనిక్‌లలో ఉద్యోగాలు చేస్తున్న మరికొందరు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ఏ జాకెట్ కొనాలి? ఏ పార కొనాలని ఇంతవరకు ఎవరూ అడగలేదు. నా బాధంతా అక్కడే ఉంది. జాకెట్ మనల్ని కాపాడుతుంది. వీపున మోసే సరంజామా మన పక్కనున్నవాళ్లను కాపాడుతుంది, వాళ్లు మోసేది మనల్ని కాపాడుతుంది. ఈ ఒక్క సంగతి మనసుకు పడితే దుకాణంలో ఖర్చు పెట్టే తీరే మారిపోతుంది.

ముందు మాటల చిక్కు విప్పుకుందాం. తెలుగులో మంచు అన్నది ఒకటే మాట. తెల్లవారుజామున పొలం గట్టు మీద కురిసేదీ మంచే, లంబసింగిలో చెట్లను కమ్మేదీ మంచే, ఫ్రీజరులో పేరుకునేదీ మంచే. పత్రికల్లో హిమపాతం అని రాస్తే అది మెల్లగా కురిసే మంచో, కొండ మీది నుంచి కూలిపడే మంచో వార్త చదివితే గాని తెలియదు. ఇక్కడ కూలిపడేదాన్ని మంచు చరియ అనే అంటాను. పిస్ట్ అంటే యంత్రంతో చదును చేసి, హద్దులు గుర్తుపెట్టి, కాపలా ఉంచిన స్కీ దారి. లిఫ్టులో పైకి వెళ్లి, ఆ దారి వదిలి, తాకని మంచులో దిగడం ఆఫ్‌పిస్ట్. స్కీల అడుగున స్కిన్ అనే పట్టీలు అతికించుకుని, సొంత కాళ్లతో కొండ ఎక్కి దిగడం స్కీ టూరింగ్. ఆఫ్‌పిస్ట్ మనిషి లిఫ్టులో కూర్చుని చలికి బిగుసుకుపోతాడు. టూరింగ్ మనిషి మూడు గంటలు చెమటోడ్చి, శిఖరం మీద ఒక్కసారిగా ఆగిపోతాడు. ఇద్దరికీ ఒకే రకం బట్టలు సరిపోవు.

మైదానాల నుంచి వెళ్లేవాళ్లం చలికి భయపడి బట్టలు కొంటాం. కొండ మీద అసలు శత్రువు చెమట. ఊరికే నిలబడ్డ మనిషి శరీరం పాతకాలపు వంద వాట్ల బల్బు అంత వేడిని వదులుతుంది. స్కీలతో ఏటవాలు ఎక్కేటప్పుడు అది అయిదారు రెట్లు పెరుగుతుంది. మందపాటి జాకెట్‌తో ఎక్కడం మొదలుపెడితే పావుగంటలో లోపలి బట్ట తడిసిపోతుంది. శిఖరం మీద ఆగగానే వేడి పుట్టడం ఆగిపోతుంది, తడి మాత్రం ఒంటికి అంటుకునే ఉంటుంది. మండువేసవిలో మట్టికుండకు తడిగుడ్డ చుట్టి నీళ్లు చల్లబరుస్తాం కదా, తడిసిన నూలు బనియన్ కొండ మీద మనిషికి సరిగ్గా అదే చేస్తుంది. నీరు గాలి కంటే సుమారు పాతిక రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. నూలు మన వేసవికి అమృతం. మంచులో మాత్రం లోదుస్తుల దగ్గర నుంచి జీన్సు దాకా దాన్ని ఇంట్లోనే వదిలి వెళ్లాలి.

కశ్మీరీలు శీతాకాలంలో వేసుకునే ఫెరన్‌ను చూడండి. మోకాళ్ల కింది దాకా జారే వదులైన ఉన్ని అంగీ అది. దాని లోపల నిప్పులు నింపిన కాంగ్డీ అనే చిన్న కుంపటిని పట్టుకుని కూర్చుంటారు. డిసెంబరు 21న మొదలయ్యే నలభై రోజుల చిల్లై కలాన్ చలిని తరతరాలుగా అలాగే గడుపుతున్నారు. కూర్చున్న మనిషికి అంతకంటే మంచి ఏర్పాటు నాకు తెలియదు. కదిలే మనిషి అవసరం మాత్రం వేరు: క్షణాల్లో విప్పగలగాలి, క్షణాల్లో వేసుకోగలగాలి. పొరలు పొరలుగా వేసుకోమని చెప్పేది అందుకే.

ఒంటికి ఆనుకునే మొదటి పొర పలుచని మెరినో ఉన్నిదో, పాలిస్టర్‌దో అయి ఉండాలి. మెరినో తన బరువులో మూడో వంతు దాకా తేమ పీల్చుకున్నా చర్మానికి తడిగా అనిపించదు, నాలుగు రోజులు వేసుకున్నా వాసన రాదు. పాలిస్టర్ చవక, త్వరగా ఆరుతుంది, రెండో రోజుకే వాసన వేస్తుంది. నేనైతే పైకి మెరినో, కిందికి పాలిస్టర్ వేసుకుంటాను. రెండో పొర పలుచని ఫ్లీస్, అంటే నూగుగా ఉండే వెచ్చని సింథటిక్ బట్ట. టూరింగ్‌లో ఎక్కేటప్పుడు ఈ రెండూ, గాలి బాగా వీస్తే పైన ఒక పలుచని జాకెట్, అంతే. మొదటి పది నిమిషాలు కాస్త చలిగా ఉండాలి. బయలుదేరేటప్పుడే హాయిగా ఉందంటే బట్ట ఎక్కువైందని అర్థం.

ఎక్కువ గందరగోళం మూడో పొర, అంటే బయటి షెల్ జాకెట్ దగ్గరే. దుకాణంలో అంకెలు చూపి ధర పెంచేది దీనికే. ఈ జాకెట్ బట్టలో దాగిన పలుచని పొర రహస్యం 1969లో బయటపడింది. వేడిచేసిన టెఫ్లాన్ కడ్డీని బాబ్ గోర్ ఒక్క ఉదుటున లాగితే అది తెగకుండా సాగి, కంటికి కనిపించని రంధ్రాలతో నిండిపోయింది. ఆ రంధ్రాలు నీటిచుక్క దూరలేనంత చిన్నవి, ఆవిరి దాటగలిగినంత పెద్దవి. చీటీ మీద 20,000 మిల్లీమీటర్లు అని ఉంటే, ఇరవై మీటర్ల ఎత్తు నీటి స్తంభం ఒత్తిడిని ఆ బట్ట ఆపగలదని అర్థం. మంచుకు అది ధారాళంగా చాలు, అంతకు మించిన అంకెకు డబ్బు పోయనక్కర్లేదు. ఇక ఆవిరి బయటికి పోవడం లోపలికీ బయటికీ ఉన్న తేమ తేడా మీద ఆధారపడుతుంది. జోరుగా ఎక్కే మనిషి చెమటనంతా బయటికి పంపగల జాకెట్ ఇంతవరకు తయారు కాలేదు. అందుకే పొర పేరు కంటే చంకల కింద పొడవాటి జిప్‌లు ఉన్నాయా, ప్యాంటుకు తొడల పక్కన జిప్‌లు ఉన్నాయా, టోపీ హెల్మెట్ మీదుగా పడుతుందా అని చూడండి. బయటి బట్ట మీద నీళ్లు ముత్యాల్లా జారకుండా ఇంకిపోతుంటే దాని పూత అరిగిపోయినట్టే. అలాంటప్పుడు రంధ్రాలు బాగున్నా ఆవిరి బయటపడదు. ఉతికి, సన్నని వేడి మీద ఆరబెడితే చాలావరకు మళ్లీ పనిచేస్తుంది. కొత్త జాకెట్ కొనే ముందు ఆ పని చేసి చూడండి.

నాలుగోది సంచిలో ఉండే ఉబ్బు జాకెట్. ఆగిన మరుక్షణం, ఇంకా వెచ్చగా ఉండగానే, షెల్ మీదుగా వేసుకోవాలి. బాతు ఈకల నూగుతో చేసినది తేలిక, వెచ్చన కూడా, కాని తడిస్తే ముద్దయిపోతుంది. గుల్మార్గ్ లాంటి పొడి మంచుకు అది మంచిది. తడి మంచు పడే సియాటిల్ వైపు కొండలకు సింథటిక్ నింపినది మేలు. చలిని అంచనా వేసేటప్పుడు థర్మామీటర్ ఒక్కటే చూడకండి. మైనస్ 10 డిగ్రీల్లో గంటకు 40 కిలోమీటర్ల గాలి వీస్తే చర్మానికి అది మైనస్ 21 లాగా తగులుతుంది.

చేతికి రెండు జతలు కావాలి: ఎక్కడానికి పలుచనివి, దిగడానికి మందమైనవి. సాక్సు మాత్రం ఒక్క జతే. చలి అని రెండు జతలు తొడిగితే బూటులో పాదం బిగుసుకుని రక్తప్రసరణ తగ్గుతుంది, వేళ్లు మరింత చల్లబడతాయి. కళ్లజోడు విషయంలో అశ్రద్ధ పనికిరాదు. వెయ్యి మీటర్లు ఎక్కినకొద్దీ అతినీలలోహిత కిరణాలు పదేసి శాతం పెరుగుతాయి, తాజా మంచు వాటిలో ఎనభై శాతం దాకా తిరిగి మొహం మీదికి కొడుతుంది. కళ్లు మండుతున్నట్టు ఆ సమయంలో తెలియదు. సాయంత్రం గదిలో కూర్చున్నాక ఇసుక పోసినట్టు మొదలవుతుంది.

బట్టల సంగతి ఇంతటితో సరే. అసలు సంగతి ఇక్కడి నుంచి.

మంచు చరియలో పూర్తిగా కూరుకుపోయిన మనిషి దగ్గర ఎంత సమయం ఉంటుంది? 1981 నుంచి 2020 దాకా స్విట్జర్లాండ్‌లో జరిగిన ప్రమాదాలను పరిశీలించిన అధ్యయనం 2024లో వెలువడింది. పది నిమిషాల్లోపు బయటికి తీస్తే పదిమందిలో తొమ్మిది మంది బతుకుతున్నారు. పది నుంచి ముప్పై నిమిషాల మధ్య అది మూడో వంతు కంటే కిందికి పడిపోతోంది. కారణం చలి కాదు, ఊపిరాడకపోవడం. అంతకుముందు దాదాపు పావుగంట గడువు ఉందని చెప్పేవారు. ఇప్పుడు లెక్క పది నిమిషాలు. హెలికాప్టర్లకు లోటు లేని ఆల్ప్స్‌లో కూడా పది నిమిషాల్లో రక్షకదళం రావడం అరుదు. మరి ఎవరు తీస్తారు? అక్కడే ఉన్న తోటివాళ్లు. అందుకే ట్రాన్స్‌సీవర్, ప్రోబ్, పార అనే మూడు వస్తువులు గుంపులో ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి. మూడింట్లో ఏ ఒక్కటి లేకపోయినా మిగతా రెండూ దండగ.

ట్రాన్స్‌సీవర్ అరచేతి పెట్టె. 457 కిలోహెర్ట్జ్ దగ్గర సంకేతం పంపుతూ ఉంటుంది, అవసరమైనప్పుడు వెతికే మీటకు మారుస్తాం. ప్రపంచమంతా అదే పౌనఃపున్యం వాడుతుంది కాబట్టి ఏ కంపెనీది ఏ కంపెనీదాన్నైనా కనిపెడుతుంది. కొనేటప్పుడు చూడాల్సింది మూడు యాంటెన్నాలు ఉన్నాయా, ఒకే చోట ఇద్దరు కూరుకుపోతే దొరికినవారి సంకేతాన్ని పక్కన పెట్టే మీట ఉందా అని. సగం ధరకు వచ్చే ఒక యాంటెన్నా పాత పెట్టెలు మంచి కండిషన్‌లో ఉన్నా వద్దు. దాన్ని సంచిలో పెట్టకూడదు, చరియ సంచిని లాగేసుకుపోవచ్చు. పట్టీతో ఒంటికి కట్టుకుని, షెల్ కింద ఉంచాలి. ఫోను దానికి కనీసం 20 సెంటీమీటర్లు, వెతికేటప్పుడు 50 సెంటీమీటర్లు దూరంగా ఉండాలి. బ్యాటరీతో వేడెక్కే చేతి తొడుగులకూ ఇదే నియమం.

తెర మీది బాణం నేరుగా మనిషి దగ్గరకు తీసుకెళ్లదు. బడిలో అయస్కాంతం మీద కాగితం పెట్టి ఇనుపరజను చల్లినప్పుడు వంపు గీతలు ఏర్పడ్డాయి, గుర్తుందా? ట్రాన్స్‌సీవర్ చుట్టూ అలాంటి గీతలే ఉంటాయి, బాణం వాటి వెంటే నడిపిస్తుంది. మొదటిసారి సాధనలో నాకిది తెలియదు. శిక్షకుడు ఒక సంచిలో ట్రాన్స్‌సీవర్ పెట్టి మంచులో పాతిపెట్టి, వెతకమన్నారు. బాణం వంక తిరిగినప్పుడల్లా యంత్రం పాడైందనుకుని నేను మళ్లీ సూటిగా పరుగెత్తాను. తెర మీద దూరం చూపే అంకె 3.2 మీటర్లకు తగ్గి మళ్లీ 5కు పెరిగింది. దగ్గరికి వచ్చాక పెట్టెను మంచు మీదికి దించి మెల్లగా కదపాల్సింది, నేను ఛాతీ ఎత్తులో పట్టుకుని ఊపుతూనే ఉన్నాను. సంచి చేతికి తగిలేసరికి ఆయన ఏమీ అనలేదు. పట్టిన నిమిషాలు లెక్కగట్టి, ప్రోబ్ మొనతో మంచు మీద 11 అని రాశారు. రెండో రోజు సాయంత్రానికి అది 4 అయింది. పెట్టె అదే, మారింది చేతులు. ఖరీదైన మోడల్‌కు పెట్టే అదనపు డబ్బును ఒక రెండు రోజుల శిక్షణకు పెట్టమని నేను బతిమాలుకునేది అందుకే.

ప్రోబ్ మడతపెట్టే పొడవాటి కడ్డీ. 240 సెంటీమీటర్లకు తగ్గనిది తీసుకోండి. ట్రాన్స్‌సీవర్ అతి తక్కువ అంకె చూపిన చోట మొదలుపెట్టి, 25 సెంటీమీటర్ల ఎడంతో చుట్లు చుట్లుగా, మంచు వాలుకు లంబంగా గుచ్చుకుంటూ పోవాలి. నేల తగిలితే ఖంగుమంటుంది, మనిషి తగిలితే మెత్తగా వెనక్కు నెడుతుంది. తగిలాక దాన్ని పీకకూడదు, అదే తవ్వేవాళ్లకు గుర్తు.

పార దగ్గరే మనవాళ్లు డబ్బు మిగుల్చుకోవాలని చూస్తారు. ఒక మీటరు లోతులో ఉన్న మనిషిని తీయాలంటే నేరుగా కిందికి తవ్వితే లాభం లేదు. వాలుకు దిగువన, లోతుకు ఒకటిన్నర రెట్లు దూరంలో మొదలుపెట్టి పక్క నుంచి లోపలికి వెళ్లాలి. అలా తీసే గొయ్యి మూడు ఘనపు మీటర్లు అనుకుందాం. కూలిన చరియ మంచు ఘనపు మీటరుకు నాలుగు వందల కిలోలు తూగుతుంది. అంటే పన్నెండు వందల కిలోలు, నిమిషాల్లో, నాలుగు వేల మీటర్ల ఎత్తులో, భయంతో కొట్టుకునే గుండెతో. పైగా చరియ ఆగిన క్షణమే రేణువులు ఒకదానికొకటి అతుక్కుని సిమెంటులా గట్టిపడతాయి. ప్లాస్టిక్ పార దాని మీద పడి పక్కకు జారిపోతుంది. అల్యూమినియం పలక, లాగితే పొడవయ్యే పిడి, తొడుగు వేసిన చేతికి పట్టు దొరికే కొస: ఈ మూడూ ఉన్న పారే కొనండి. వంద గ్రాములు తేలిక అని చిన్న పలక తీసుకోకండి.

జాకెట్ల మీద రెక్కో అన్న చిన్న గుర్తు చూసి, ట్రాన్స్‌సీవర్ ఉన్నట్టే అనుకునేవాళ్లు ఉన్నారు. అది సంకేతాన్ని తిప్పికొట్టే పలుచని రేకు మాత్రమే, దాన్ని కనిపెట్టే యంత్రం రక్షకదళం దగ్గర ఉంటుంది. ఉంటే మంచిదే, దేనికీ బదులు కాదు.

ఎయిర్‌బ్యాగ్ సంచి గురించి కాస్త నెమ్మదిగా మాట్లాడాలి. పిడి లాగగానే 150 లీటర్ల దాకా ఉబ్బే బుడగ అది. బుడగ తేలిక కాబట్టి మనిషి తేలతాడని చాలామంది అనుకుంటారు. అసలు సూత్రం వంటింట్లోనే ఉంది. కారప్పూస, పల్లీలు కలిపిన మిక్చర్ డబ్బాను కుదిపితే పొడి అడుగుకు చేరుతుంది, పెద్ద ముక్కలు పైకి వస్తాయి. పారే చరియలోనూ అంతే, పెద్ద వస్తువు పైకి చేరుతుంది. బుడగ మనిషిని పెద్ద ముక్కగా మారుస్తుంది. 2014లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, తీవ్రంగా చిక్కుకున్నవారిలో మరణాలు 22 శాతం నుంచి 11 శాతానికి తగ్గాయి. సగానికి సగం తగ్గడం చిన్న విషయం కాదు. కాని అదే అధ్యయనంలో అయిదుగురిలో ఒకరి బుడగ అసలు విచ్చుకోలేదు, పిడి లాగలేకపోవడం అందుకు ముఖ్య కారణం. చెట్లకు, బండలకు కొట్టుకుంటే, లోయ సందులో పడితే బుడగ ఆదుకోలేదు. ధర చూస్తే మిగతా మూడు వస్తువులూ కలిపినదానికంటే ఎక్కువ. గ్యాస్ సిలిండర్‌తో పనిచేసేది విమానంలో తీసుకెళ్లాలంటే ఎయిర్‌లైన్ ముందస్తు అనుమతి కావాలి. మన దేశంలో తిరిగేవాళ్లకు విద్యుత్ ఫ్యాన్‌తో ఉబ్బేది సులువు, ఊరికే నాలుగుసార్లు లాగి సాధన చేయడానికీ వీలుంటుంది. నా మాట అడిగితే, మూడు వస్తువులూ శిక్షణా పూర్తయ్యాకే దీని గురించి ఆలోచించండి.

హెల్మెట్‌కు ఈఎన్ 1077 అనే స్కీ ప్రమాణం ఉండాలి. టూరింగ్‌కు పర్వతారోహణ ప్రమాణం ఈఎన్ 12492 కూడా ఉన్నది ఎంచుకుంటే, పైనుంచి రాళ్లు పడే చోట ఉపయోగం. బూట్లు, స్కీలు మొదటి రెండు సీజన్లు అద్దెకు తీసుకోవడమే నయం, పాదానికి ఏది పడుతుందో అప్పుడుగాని తెలియదు. టూరింగ్‌కు బూటు ముందు భాగం రెండు పిన్నుల మధ్య పట్టుకుని, మడమ లేచేందుకు వీలిచ్చే బైండింగ్ (బూటును స్కీకి బిగించే అమరిక) కావాలి, బూటుకు నడిచే మీట ఉండాలి. స్కిన్‌లు ఒకప్పుడు నిజంగా సీలు తోలుతో చేసేవారు. ఇప్పుడు నైలాన్, అంగోరా మేక బొచ్చు కలిపి నేస్తున్నారు.

ఇవన్నీ కొన్నా, చరియ రాని చోట ఉండడమే మొదటి రక్షణ. కంపాస్ పెట్టెలో ఉండే రెండు మూలమట్టాలను గుర్తు చేసుకోండి. ఒకదాని 30 డిగ్రీల కోణానికీ మరోదాని 45 డిగ్రీల కోణానికీ మధ్య ఉండే వాలుల మీదే ఎక్కువ చరియలు విరుగుతాయి. స్కీయర్లను ఉత్సాహపెట్టేవీ సరిగ్గా ఆ వాలులే. చిక్కుకున్నవారిలో పదింట తొమ్మిది సందర్భాల్లో చరియను కదిలించింది వాళ్లో, వాళ్ల గుంపులో మరొకరో. హిమాలయాలకు రక్షణ శాఖ పరిశోధన సంస్థ డీజీఆర్ఈ చరియల హెచ్చరికలు విడుదల చేస్తుంది. అయిదు మెట్ల కొలబద్దలో మూడో మెట్టు చూసి, సగమే కదా అని ధైర్యపడకండి, ఒక్క మెట్టు పెరిగినా ముప్పు బాగా ఎక్కువవుతుంది. స్థానిక గైడును తీసుకోండి. ఆ గైడు పొద్దున్నే మీ ట్రాన్స్‌సీవర్ అడగకపోతే మరో గైడును వెతుక్కోండి.

కిందటి సీజన్‌లో మేము ఆరుగురం. పైస్టేషన్ బయట గైడు పది మీటర్లు ముందుకు వెళ్లి, తన పెట్టెను వెతికే మీటకు మార్చి నిలబడ్డారు. మేము ఒక్కొక్కరమే ఆయన ముందు నుంచి దాటాం. ఒకటో మనిషికి బీప్, రెండో మనిషికి బీప్. నాలుగో ఆయన దాటినప్పుడు ఏమీ వినపడలేదు. మా అందరిలోనూ ఖరీదైన జాకెట్ ఆయనదే, ట్రాన్స్‌సీవర్ కూడా కొత్తదే. అందరం ఆగాం. ఆయన తొడుగు పళ్లతో లాగి, జాకెట్ జిప్ దించి, లోపల చెయ్యి పెట్టి స్విచ్ తిప్పారు. ఆయన్ను వెనక్కు పంపి మళ్లీ నడిపించారు గైడు. బీప్ వినిపించాకే తాడు కింద నుంచి వంగి అవతలికి దాటాం.